ఆదివారం చూసిన కాలేజీ

ఉపేంద్రను మట్టయ్య తిట్టని పూట లేదు. పళ్లు తోముకుంటూ తిట్టాడు. కొత్తపేట రైతుబజారు మూలమీద తోపుడు బండిలో బత్తాయిలు పేర్చుకుంటూ తిట్టాడు. డజను ఎంత అని అడిగిన ఆడమనిషికి ధర చెప్పబోయి, నోట్లో నానుతున్న తిట్టు బయటికి రాబోతే నాలుక కరుచుకున్నాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో గాజుల దుకాణం మీది గదిలో రెండు కుర్చీలు, ఒక ఫ్యాను పెట్టుకుని ఇంజనీరింగ్ కాలేజీల్లో సీట్లు ఇప్పించే ఉపేంద్ర. ఇస్త్రీ మడత నలగని ఉపేంద్ర. "మీ అమ్మాయంటే నా చెల్లెలేనండీ" అన్న ఉపేంద్ర. వాడు చూపించిన కాలేజీలో చేర్చినందుకే పొద్దున ఏడు దాటినా తన బిడ్డ ఇవాళ గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

సోమవారం సాయంత్రం జ్యోతిక ఇంటికి వచ్చి, చెప్పులు విడిచి, సంచి మేకుకు తగిలించి, ఇక కాలేజీకి పోనని చెప్పింది. ఏడవలేదు. గొంతు పెంచలేదు. కరెంటు బిల్లు వచ్చిందని చెప్పినట్టు చెప్పి, కాళ్లు కడుక్కోవడానికి వెళ్లింది.

ఇది బుధవారం. శనివారం మధ్యాహ్నం దాకే గడువు. ఆ లోపు మానుకుంటున్నామని రాసిస్తే కాలేజీవాళ్లు ఇంటర్ సర్టిఫికెట్లు చేతికిస్తారు, పిల్ల ఇంకో చోట చేరవచ్చు. గడువు దాటితే నాలుగేళ్ల ఫీజూ కట్టినవాళ్లకే కాగితాలు. చేరిన రోజున ఆ షరతు కింద సంతకం పెట్టింది మట్టయ్యే, చదవకుండా. ఏడో తరగతిలో అర్ధ సంవత్సరం పరీక్షల ముందు బడి మానేసినవాడికి అన్ని పేజీలు చదివే ఓపిక ఎక్కడిది?

కింద మోటారు వైండింగ్ దుకాణం షట్టరు లేచింది. గ్రైండరు గీపెట్టడం మొదలుపెట్టింది. ఎల్బీనగర్‌లో కాలేజీ బస్సు వచ్చే వేళ దాటిపోయింది.

మట్టయ్య మంచం పక్కన నిలబడి అడిగాడు.

"ఎవడన్న ఎంటవడుతున్నడా?"

"లేదు."

"సార్లు ఏమన్న అన్నరా?"

"అనలే."

"మరి ఆ ఆడపిల్లలు? నువ్వు బండోని బిడ్డవని ఎక్కిరిచ్చిన్రా? ఎవతో చెప్పు. నేనొచ్చి అడుగుత."

జ్యోతిక గోడవైపు నుంచి ఇటు తిరిగింది. పద్దెనిమిదేళ్ల పిల్ల. కళ్ల కింద మాత్రం ముప్పై ఏళ్ల మనిషికి ఉండేంత నలుపు.

"ఎవలు ఏమనలే నాయినా. నలభై ఒక్క రోజు పోయిన. ఒక్కలంటె ఒక్కలు ఏమనలే."

మట్టయ్యకు గుండె తేలికపడింది. ఇంతేనా అనుకున్నాడు. ఎవరూ ఏమీ అనకపోతే ఇంకేం కావాలి, అది మంచిదే కదా అని పైకే అన్నాడు. జ్యోతిక దుప్పటి మీదికి లాక్కుంది. మళ్లీ గోడవైపు తిరిగింది.

గుమ్మంలో బియ్యం ఏరుతున్న తల్లి అండాలమ్మ చెయ్యి ఆగిపోయింది. ఆమె దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్‌లో చపాతీలు చేస్తుంది. తెల్లవారకముందే వెళ్లి ఎనిమిదింటికి తిరిగి వచ్చే మనిషి, ఆ రోజు పిండి మాత్రం కలిపి పక్కామెకు అప్పగించి ఆరున్నరకే వచ్చేసింది. కోచింగుల కోసం ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలను పదకొండేళ్లుగా చూస్తోంది. ఏ పిల్ల ఎందుకు తినడం లేదో కంచం చూసి చెప్పగలదు.

"ఏమనకపోవుడే దాని బాధ," అంది భర్తతో. "హాస్టల్ల కొత్తగొచ్చిన పిల్లలు మొదటి నెల బాత్రూముల నల్లా ఇప్పుకొని ఏడుస్తరు. రెండో నెల్ల ఒగదాని చున్నీ ఒగతి ఏసుకుంటది. దీనికి రెండో నెల గూడ అయిపోవట్టె."

కాలేజీకి చదువు కోసం పోతారా, జట్టు కోసం పోతారా అని మట్టయ్య లేచాడు. పన్నెండేళ్ల వయసులో నాయిన తనను నల్లగొండలో బస్సెక్కించి తీసుకొచ్చి కొత్తపేట పండ్ల మార్కెట్‌లో దింపిన రోజు తనకెవరున్నారని అడిగాడు. రాత్రిళ్లు బత్తాయి బుట్టల మధ్య పడుకున్నానన్నాడు. ఈ మాటలు ఆ ఇంట్లో ఎన్నిసార్లు వినపడ్డాయో లెక్కలేదు. అండాలమ్మ చివరిదాకా విని, చాట పక్కన పెట్టింది.

"మరి నువ్వెందుకు పోతవ్, రోజు పొద్దుగాల పాత మార్కెట్ కాడికి?"

మట్టయ్య మేకుకున్న చొక్కా అందుకున్నాడు.

మార్కెట్ అక్కడి నుంచి పోయి ఏళ్లయింది. ఆ జాగ చుట్టూ రేకులు కట్టారు. అయినా మట్టయ్య బండి తీసేముందు అటువైపు ఒక చుట్టు పోయి వస్తాడు. ఒకప్పుడు ఆ గేటులో అడుగుపెడితే కనీసం నలభై గొంతులు 'మట్టన్నా' అని పిలిచేవి. ఇప్పుడు ఒకరిద్దరు పాత హమాలీలు చాయ్ బండి దగ్గర కనపడితే కనపడతారు, లేకపోతే లేదు. ఎవరూ కనపడని రోజు కూడా రేకుల వెంబడి ఆ చివరిదాకా నడిచి వెనక్కి వస్తాడు. ఈ సంగతి భార్యకు తెలుసని అతనికి తెలియదు.

చొక్కా వేసుకుని మెట్లు దిగాడు. తిట్టడానికి అతనికి ఉపేంద్ర ఉన్నాడు. ఆ మాట ఎంతో ఆసరాగా అనిపించింది.

*

గురువారం మధ్యాహ్నం బండిని పక్కబండి గోపయ్యకు అప్పజెప్పి దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాడు. మెట్రో కింద జనం ఒకరినొకరు తోసుకుంటున్నారు. కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద ర్యాంకులు వచ్చిన పిల్లల ముఖాలు వరసగా నవ్వుతున్నాయి. గాజుల దుకాణం పక్కనుంచి మెట్లెక్కుతూ అనవలసిన మాటలన్నీ వరసగా పెట్టుకున్నాడు.

ఉపేంద్ర లేచి నిలబడ్డాడు. కుర్చీ జరిపాడు. నీళ్లు ఇచ్చాడు. అంత మర్యాద చేసేవాణ్ణి మొదటి మాటకే తిట్టడం మట్టయ్యకు చేతకాలేదు. పిల్లకు అక్కడ దోస్తులు లేరని, ఒక్కతే ఉంటోందని, ఎడారిలాంటి చోట తోశావని మాత్రం అన్నాడు. అంటూ ఉంటే గొంతు పెరిగింది. పక్క కుర్చీలో కూర్చున్న ఇంకో తండ్రి చేతిలో కాగితాలు మడిచి లేచిపోయాడు.

ఉపేంద్ర ఆ తండ్రి వెళ్లినవైపు ఒకసారి చూసి నిట్టూర్చాడు. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్లయినా అతని మాట మారలేదు.

"మట్టయ్య గారూ, నేను మిమ్మల్ని ఏ వారం రమ్మన్నానండీ?"

మట్టయ్య నీళ్ల గ్లాసు అందుకున్నాడు.

"సోమవారం రమ్మన్నాను. పైతరగతుల పిల్లలుంటారు, అమ్మాయిని కూడా తీసుకురండి, నలుగురితో మాట్లాడనివ్వండి, తనకి నచ్చుతుందో లేదో తనే చూసుకుంటుంది అన్నాను. మీరేమన్నారు? ఆదివారమైతేనే తీరిక, అమ్మాయి దేనికి, నేను చూస్తే చాలదా అన్నారు."

అన్నాడు. ఆ మాటలే అన్నాడు. ఉపేంద్ర కారులో ముందు సీట్లో కూర్చుని హయత్‌నగర్ దాటి వెళ్లిన ఆ ఆదివారం మట్టయ్యకు రేకు పెట్టెలోంచి తీసినంత స్పష్టంగా గుర్తుంది. పెద్ద గేటు. వరసగా అశోక చెట్లు. తాళాలు వేసిన తరగతి గదులు, ఈ చివర నుంచి ఆ చివరకు నీడ పరుచుకున్న వరండా. గడ్డి మీద నీళ్లు చిమ్మే గొట్టం చప్పుడు తప్ప ఇంకే చప్పుడూ లేదు. మట్టయ్య ఆ వరండాలో చెప్పులు విప్పి నడిచాడు. ఎవరూ విప్పమనలేదు.

ఊరిబడి సంత పక్కన ఉండేది. ఆ తరవాత ముప్పై ఏళ్లు మార్కెట్ కేకల్లో గడిచాయి. చదువు తనకు అంటకపోవడానికి ఆ రొదే కారణమని ఎక్కడో మనసులో పడిపోయింది. నిశ్శబ్దంగా ఉన్నచోట చదువు దానంతటదే వస్తుందని నమ్మాడు. అందుకే ఆ వరండాలో నిలబడి, ఎంత సల్లగున్నది సారూ, నా బిడ్డ ఈడ్నే సదవాలె అని ఉపేంద్ర చెయ్యి పట్టుకున్నాడు.

అదే మట్టయ్య మార్కెట్‌లో రాశి పైన మెరిసే కాయను చూసి ఏనాడూ మోసపోలేదు. మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగుకాయ తీసేవాడు. తొడిమ చూసేవాడు, గోరుతో గీరి వాసన చూసేవాడు. అతను తల ఊపితేనే దళారి పాట మొదలుపెట్టేవాడు. అలాంటివాడు కాలేజీని గేటు చూసి కొన్నాడు.

"హాస్టల్ తీసుకోమని కూడా చెప్పాను," అన్నాడు ఉపేంద్ర మెల్లగా. "రాత్రికి పిల్ల ఇంట్లో ఉండాలన్నారు. మీ ఇష్టం అన్నాను. ఇప్పుడు మాన్పిస్తే మీరు కట్టినదాంట్లో పైసా వెనక్కి రాదండీ. శనివారం దాటితే కాగితాలూ రావు. ఏదో ఒకటి తేల్చుకోండి."

మట్టయ్య నీళ్ల గ్లాసు ఖాళీ చేసి బల్ల మీద పెట్టాడు. మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చాక చూసుకుంటే తిట్టడానికి మనిషి లేడు. అంత జనంలో అతను ఒక్కడే నిలబడ్డాడు. గాజుల దుకాణం వాడు బేరం అనుకుని పిలిచాడు.

ఆ సాయంత్రం కూతురి మంచం పక్కన కింద కూర్చున్నాడు. రేపు తానూ వస్తానని, పొద్దంతా ఉండి చూస్తానని, ఆ తరవాత ఆమె ఎట్లా అంటే అట్లాగే చేద్దామని చెప్పాడు. నీ మాటే మాట అని రెండుసార్లు అన్నాడు.

"సూడనీకె ఏమున్నది నాయినా?" అంది జ్యోతిక. "ఉంటే గద."

"లేనిదే సూస్త. పండుకో."

*

శుక్రవారం ఏడింటికి ఎల్బీనగర్ చౌరస్తాలో నిలబడ్డారు. సన్నగా తుంపర పడుతోంది. కాలేజీ బస్సు డ్రైవరు తల్లిదండ్రులను ఎక్కించుకోకూడదని గొణిగి, ఇయ్యాల ఒక్కరోజే పెద్దమనిషీ అని తలుపు తీశాడు.

బస్సు నాచారం నుంచి ఉప్పల్, నాగోల్ మీదుగా వస్తుంది. ఎల్బీనగర్ చివరి స్టాపు. అప్పటికి సీట్లన్నీ నిండుతాయని మట్టయ్య అనుకున్నాడు. నిండలేదు. అయిదారు సీట్లలో మనుషులు లేరు, సంచులున్నాయి. ఇంకా ఎక్కని స్నేహితురాలి కోసం కాదు, ఇక ఎక్కేవాళ్లు లేరు. పక్కన తెలియని పిల్ల కూర్చోకుండా పెట్టుకున్న సంచులు. పెట్టినవాళ్లెవరూ జ్యోతిక వైపు కోపంగా చూడలేదు. అసలు చూడలేదు. చెవుల్లో పాటలు, చేతుల్లో ఫోన్లు.

జ్యోతిక అలవాటుగా ముందుకు వెళ్లి, డ్రైవరు వెనక కమ్మీ పట్టుకుని నిలబడింది. కమ్మీకి చుట్టిన రబ్బరు ఒక్కచోట నున్నగా అరిగి ఉంది. ఆమె చెయ్యి సరిగ్గా అక్కడే పడింది.

"ఆ సంచి తియ్యమను," అన్నాడు మట్టయ్య చెవి దగ్గర.

"అంటే తీస్తరు నాయినా. మొదట్ల అడిగిన. తీసిన్రు. నేను కూసున్నంక అటు తిరిగి కూసున్నరు. దానికన్న నిలవడుడే నయం."

మట్టయ్యకు ఆ సంచిని కిటికీలోంచి విసిరేయాలనిపించింది. అరగంట సేపు కూతురి పక్కన తనూ కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. హయత్‌నగర్ దాటాక ఇళ్లు పలచబడ్డాయి. తరవాత వెంచర్ల రాళ్లు, ఖాళీ నేలలు, ఒక్కొక్క చింతచెట్టు. నడిచే మనిషి కనపడలేదు.

వాచ్‌మన్ అతనికి గేటు పక్క బల్ల చూపించాడు. మట్టయ్య అక్కడి నుంచి చూశాడు. ఇది తను ఆదివారం చూసిన కాలేజీ కాదు. అశోక చెట్ల కింద గుంపులు గుంపులుగా పిల్లలు. ఆడపిల్లలు ఒకరి భుజం మీద ఒకరు చేతులేసుకుని నడుస్తున్నారు. క్యాంటీన్ దగ్గర ఎవడో పాడుతుంటే పదిమంది తాళం వేస్తున్నారు. అంతా ఒకటి రెండు కోచింగ్ కాలేజీల నుంచి జట్టుగా వచ్చినవాళ్లని, హాస్టలు పిల్లలది ఒక లోకం, బస్సు పిల్లలది ఒక లోకం అని వాచ్‌మన్ చెప్పాడు. మట్టయ్య అన్నిటికీ తల ఊపాడు. కళ్లు మాత్రం ఒక ఆకుపచ్చ చున్నీని వెతుకుతున్నాయి.

మధ్యాహ్నం గంట కొట్టాక కనపడింది. లైబ్రరీ పక్క మెట్టు మీద కూర్చుని జ్యోతిక డబ్బా విప్పింది. పొద్దున పనికి పోకుండా ఆగి అండాలమ్మ పెట్టిన పులిహోర. నాలుగు నిమిషాల్లో తినేసింది. కుళాయి దగ్గర డబ్బా కడిగింది. ఆ తరవాత నడవడం మొదలుపెట్టింది.

గబగబా నడిచింది. ఎవరో పిలిచినట్టు, ఎక్కడో పని ఉన్నట్టు నడిచింది. లైబ్రరీ చుట్టూ తిరిగి, వర్క్‌షాపు ముందునుంచి వెళ్లి, ఆఫీసు పక్కగా మలుపు తిరిగింది. కాసేపటికి మళ్లీ లైబ్రరీ దగ్గర కనపడింది. మళ్లీ వర్క్‌షాపు. మళ్లీ ఆఫీసు. మూడోసారి కనపడ్డప్పుడు మట్టయ్యకు అర్థమైంది. ఆమెకు పోవలసిన చోటేమీ లేదు. ఒక్కతే కూర్చుంటే ఒక్కతి అని తెలిసిపోతుంది. నడుస్తూ ఉంటే తెలియదు.

ఆ నడక అతనికి తెలుసు. రేకుల వెంబడి రోజూ పొద్దున తను నడిచే నడక అది.

తలవంచుకుని కూర్చున్నాడు. ఎదురుగా ఎవరో వచ్చి నిలబడ్డారు.

"జ్యోతిక వాళ్ల డాడీనా అంకుల్? అడగక్కర లేదు, అదే ముక్కు."

బొద్దుగా, చేతిలో సగం తిన్న సమోసాతో ఒక పిల్ల. పేరు ప్రసన్న అని, మిర్యాలగూడ పక్క ఊరని, తాను కూడా జ్యోతిక తరగతేనని అడగకుండానే చెప్పింది. నాన్న లారీ డ్రైవరు, ఊళ్లో చర్చిలో డప్పు కొడతాడు, ఆ గొంతే తనకొచ్చింది, అందుకే వార్డెన్ రోజుకు రెండుసార్లు తిడుతుంది అంది. మట్టయ్య నలభై ఒక్క రోజుల కోపం ఆమె మీద కుమ్మరించాలనుకున్నాడు. మరి నా బిడ్డతో ఒక్కరు కూడా ఎందుకు మాట్లాడరమ్మా అని మాత్రం అడిగాడు.

ప్రసన్న నవ్వు ఆపింది.

"పిలిచినం అంకుల్. రెండుసార్లు పిలిచినం. బస్సుకు టైమైతది అన్నది. మూడోసారి పిలువలే. అది మా తప్పే." సమోసా కాగితం మడిచింది. "మాకు అయిదు కొట్టినంకనే కాలేజ్ మొదలైతది అంకుల్. వాలీబాల్, లొల్లి, ఒకరి రూంల ఒకరం. తను నాలుగుం పావుకు పోతది. పొద్దటి కాలేజే సూసింది. పొద్దటి కాలేజ్ మాకు గూడ నచ్చది."

తమ గదిలో ఒక మంచం ఖాళీగా ఉందనీ, తీసుకెళ్లి చూపిస్తాననీ అంది. మట్టయ్య ఆలోచించాడు. అయిదు దాటాక పిల్ల ఇంట్లో ఉండాలన్నది తనే. దానికి దొరకవలసిందంతా అయిదు దాటాకే ఉందట. ఉపేంద్రను తిట్టి లాభం లేని తప్పు ఇది రెండోది.

చూపియ్యమ్మా అన్నాడు.

*

అరగంటకు ఇద్దరూ హాస్టలు వైపు నుంచి తిరిగి వచ్చారు. ప్రసన్న ఏదో అంటోంది. జ్యోతిక నవ్వుతోంది. నెలన్నర తరవాత ఆ నవ్వు చూసి మట్టయ్య బల్ల మీంచి లేచి నిలబడ్డాడు. అప్పుడే లెక్కలు వేసుకున్నాడు. వారానికి ఒకసారి వచ్చి చూడవచ్చు. అండాలమ్మ పచ్చళ్లు పంపుతుంది. మంచిగనే ఉంటది, ఎందుకుండదు.

ప్రసన్న క్లాసుకు పోయింది. జ్యోతిక తండ్రి పక్కన కూర్చుంది.

"మంచిది నాయినా ఆ పిల్ల."

"మంచిదే."

"రూం గూడ మంచిగుంది. ఉంటే దోస్తులైతరు. కాకుంట ఉండరు."

మట్టయ్య ఇంకొంచెం దగ్గరికి జరిగాడు.

"గని నేనుండ."

వాచ్‌మన్ రేడియో సన్నగా మోగుతోంది. జ్యోతిక చాలాసేపు గేటు అవతలి ఖాళీ నేలవైపు చూసింది. మాటలు వెతుక్కుంటోందని మట్టయ్యకు తెలిసింది. అందుకే తొందరపెట్టలేదు.

"ఆ రూం కిటికీలకెల్లి సూసిన. ఒక్క మనిషి నడుస్త కనవడలే. ఇంట్ల కింద గ్రైండర్ మోగుతుంటె సదివిన నేను. రోడ్డు మీద ఎవడో ఎవన్నో తిడుతుంటె సదివిన. గీడ పుస్తకం తెరిస్తె నా ఊపిరి నాకే ఇనవడుతది నాయినా. భయమైతది. ప్రసన్నకు గిదే ఇష్టమంట, పక్షుల సప్పుడు ఇనవడుతదంట. ఆమెకు వడ్తది. నాకు వడ్తలేదు. ఎవల తప్పు లేదు."

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక డిగ్రీ కాలేజీలో ఇంకా సీట్లున్నాయని, ఇంటర్‌లో తనతో చదివిన సంధ్యారాణి అక్కడే చేరిందని, నడిచి పోయి రావచ్చని చెప్పింది. పోయిన ఆదివారం తనే వెళ్లి అక్కడి వాచ్‌మన్‌ను అడిగి వచ్చిందట. మళ్లీ సోమవారం ఇక్కడికి రాకుండా అక్కడికే వెళ్లి, క్లాసులు జరుగుతుండగా గంటసేపు వరండాలో నిలబడి చూసి వచ్చిందట. గది గదికీ లొల్లి, కిటికీ కింద ఇడ్లీ బండి, బెంచీలు విరిగిపోయి ఉన్నాయట. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆమె ముఖంలో నెత్తురు కదిలింది.

ఇంజనీరింగ్ అని గల్లీ అంతా చెప్పుకున్నాను కదా అనాలనుకున్నాడు మట్టయ్య. గోపయ్యకు చెప్పాను, చాయ్ బండివాడికి చెప్పాను, పాత హమాలీలకు మిఠాయి పంచాను అనాలనుకున్నాడు. కాలేజీని పనిదినం నాడు పోయి చూడాలని ఈ పిల్లకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. తన చెయ్యే దీనికి వచ్చింది, అడుగుకాయ తీసి చూసే చెయ్యి.

"సరే," అన్నాడు. ఆ మాట అంత తేలిగ్గా వచ్చినందుకు అతనికే ఆశ్చర్యం వేసింది. "పా. రాసిద్దాం."

*

ఆఫీసులో కిటికీ వెనక కూర్చున్న మేడమ్ కాగితం ఇచ్చింది. జ్యోతిక పేరు రాసింది, నంబరు రాసింది. మానుకోవడానికి కారణం అన్నచోట రాసిన ముక్క చదివి మేడమ్ తల ఎత్తింది. సరిపడలేదంటే కారణం కాదని, ఆరోగ్యం బాగాలేదనో, దూరమనో రాయమని చెప్పింది. అందరూ అదే రాస్తారంది.

"నాకు ఆరోగ్యం మంచిగనే ఉంది మేడమ్," అంది జ్యోతిక. "సరిపడలే. గదే రాసిన."

మేడమ్ భుజాలు ఎగరేసి కాగితం తండ్రివైపు జరిపింది. కట్టిన డబ్బు తిరిగి రాదు, తెలుసు కదా అని అడిగింది. తెలుసని మట్టయ్య తల ఊపాడు. సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించింది. బయట మొదటి బస్సు ఇంజను మొదలైంది.

మట్టయ్య కలం అందుకున్నాడు. కాగితం నిలవడానికి జ్యోతిక దాని అంచు మీద వేళ్లు ఆనించింది.

"నాయినా. ఆ పైసలు చిట్టీవే గద? చిట్టి ఎత్తినమని అమ్మ చెప్పింది."

ఒక్కసారి తల ఊపితే చాలు. ఊపమనే అండాలమ్మ పొద్దున వాకిట్లో చెవిలో చెప్పి పంపింది. పిల్ల ఏది అనుకున్నా అది పిల్ల అనుకున్నదే కావాలి, మన బరువు దాని నెత్తిన పెట్టకు అంది. మట్టయ్య ఒప్పుకునే వచ్చాడు.

కానీ పోగొట్టుకున్నది చెప్పకుండా ఉండడం అతనికి ఏనాడూ చేతకాలేదు. మార్కెట్ పోయిన సంగతి, అందులో తన జాగ పోయిన సంగతి బత్తాయి కొనడానికి ఆగిన ప్రతి మనిషికీ చెప్పుకున్నాడు. చెబితే ఈ పిల్ల వేళ్లు ఆ కాగితాన్ని వెనక్కి లాగుతాయని తెలుసు. రేపటి నుంచి ఆ కమ్మీ పట్టుకుని, ఆ లైబ్రరీ చుట్టూ నాలుగేళ్లు నడుస్తుందని తెలుసు. తెలిసే నోరు తెరిచాడో, తెరిచాక తెలిసిందో తరవాత ఎంత ఆలోచించినా అతనికి తేలలేదు.

"చిట్టి కాదు బిడ్డా," అన్నాడు. "అల్మాస్‌గూడల మనకున్న ఒక్క ప్లాటు అమ్మిన."

కలం ఇంకా కాగితానికి ఆనలేదు.

"మొత్తమా?"

"మొత్తం. నూట ముప్పై మూడు గజాలు."